డ్యూటీ తర్వాతే తానం

నర్సింగ్ చదివేవాళ్లకు తెల్ల యూనిఫాం ఉండాలని నిర్ణయించిన పెద్దమనిషి గోదావరిఖనిలో ఒక్కసారి కూడా బట్టలు ఆరేసి ఉండడు. పొద్దున తీగ మీద వేసిన చొక్కా మధ్యాహ్నానికి ఆరుతుంది, కాదనను. ఆ ఆరడంలోనే దానికొక కొత్త రంగు వస్తుంది. తెలుపు అనలేం, నలుపు అంటే అతిశయోక్తి. మా హాస్టల్లో దాన్ని ‘మన రంగు’ అంటాం. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు వైపు కాకుండా వెనకవైపు తీగ కట్టుకోమని సీనియర్లు సలహా ఇచ్చారు. వెనకవైపు రైలు పట్టాలున్నాయి. వాటి మీద పోయేవీ బొగ్గు వ్యాగన్లే. రోజూ దవాఖాన డ్యూటీకి బయల్దేరే ముందు మా మేడం మమ్మల్ని వరసగా నిలబెట్టి కాలర్లు చూస్తారు, చూసి నిట్టూరుస్తారు. ఆవిడది కోస్తా వైపు. ఇక్కడికి వచ్చి ఇన్నేళ్లయినా ఆశ వదులుకోలేదు.

నేను బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం. మగవాణ్ణి. ఈ రెండో ముక్క విడిగా చెప్పాల్సి వస్తుంది. వార్డులో కొత్త పేషెంట్లు ముందు నన్ను డాక్టర్ సాబ్ అంటారు. కాదంటాను. కాంపౌండరా అంటారు. అదీ కాదంటాను. చివరికి ఎవరో అలవాటు కొద్దీ ‘సిస్టర్’ అని పిలుస్తారు, నేను పలుకుతాను, పిలిచినవాళ్లు సిగ్గుపడతారు. నాకు సిగ్గు మొదటి సంవత్సరంలోనే అయిపోయింది.

పోయిన చలికాలం మా పోస్టింగు ఎముకల వార్డులో పడింది. ఒక్కొక్కరం ఒక పెద్ద వయసు పేషెంటు బాధ్యత తీసుకోవాలి. చివర్న ఆ మనిషి మంచం దగ్గరే నిలబడి, మేం ఏం చేశామో, ఎందుకు చేశామో మేడంకు వివరించాలి. పాఠం పేరు ‘వ్యక్తి కేంద్రంగా సంరక్షణ’. జబ్బును మాత్రమే చూడకు, జబ్బు పడ్డ మనిషిని చూడు, ఆయన అలవాట్లూ ఇష్టాలూ బతికిన బతుకూ తెలుసుకుని వాటి చుట్టూ సేవను అల్లు అని సారాంశం. క్లాసులో అందరం తలలూపాం. తలలూపడంలో మా బ్యాచ్‌ది మంచి పేరు.

నాకు వచ్చిన మనిషి ఒక తాత. రిటైరైన బొగ్గుబాయి కార్మికుడు. బాయి అంటే మా దగ్గర గనే. తట్టలతో బొగ్గెత్తి, పట్టాల మీద నడిచే టబ్బులు నింపే ఫిల్లర్‌గా చేరి, మిషన్లు దిగాక తక్కిన పనులన్నీ చేసి, కాలూ చేయీ సరిగ్గా ఉండగానే సర్వీసు ముగించాడు. భూమి లోపల ఏనాడూ పడని మనిషి, ఇంటి ముందు కడిగిన గచ్చు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఎట్ల పడ్డవని ఎవరైనా అడిగితే, ‘గచ్చు ఎవలు కడిగిండ్రో అడుగుండ్రి’ అని అవ్వ వైపు చూసేవాడు. అవ్వ అంటే ఆయన భార్య. మంచం పక్కన స్టూలు మీద రాత్రీ పగలూ ఆమే. ‘జూస్కోని నడువనోళ్లకు గచ్చు మీద కోపం’ అనేది ఆమె, ఎవరికీ చెప్పనట్టు.

ఆపరేషన్ బాగా జరిగింది. రౌండుకు వచ్చిన డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి, ఎముక చూసి, “బొక్క మంచిగ కూసున్నది తాతా. ఇగ నువ్వు లేసి నడువాలె. ఇప్పుడు నడువకపోతే ఇంటికి పోయినంక మంచమే” అని చెప్పి పక్క మంచానికి వెళ్లిపోయాడు.

ఆ ‘మంచమే’ అన్న మాట విని అవ్వ ముఖం పాలిపోయింది. తర్వాత నన్ను వరండాలోకి పిలిచి సంగతి చెప్పింది. కంపెనీ క్వార్టరు ఖాళీ చేశాక వాళ్లు ఉంటున్నది చిన్న అద్దె ఇల్లు. బాత్రూం వాకిలి దాటి అవతల. తాత అక్కడిదాకా తనంతట తాను పోగలిగితే సరి. పోలేకపోతే అవ్వ ఎత్తాలి. ఆమెను చూస్తే నిండు బిందె ఎత్తగలదా అని అనుమానం వస్తుంది.

“బిడ్డా, నువ్వేం మందిస్తవో నాకెరుక లేదు” అంది. “బాత్రూం దాంక నడిచేటట్టు జెయ్యి. మిగిలింది నేను జూస్కుంట.”

చేస్తానన్నాను. మూడో సంవత్సరంలో మనిషికి ఇలాంటి మాటలు సులువుగా వస్తాయి.

చిక్కు నడక దగ్గర రాలేదు, స్నానం దగ్గర వచ్చింది. లేవలేని పేషెంట్లకు తడిగుడ్డతో ఒళ్లు తుడిచే పని డాక్టరు రౌండుకు ముందే ముగియాలి. వార్డు సిస్టర్ పెట్టిన రూలు అది, దానికి సవరణలు లేవు. మొదటి రోజు నేను గోరువెచ్చని నీళ్లు తెచ్చాను, మోచేత్తో వేడి చూశాను, తెర లాగాను, ఏం చేయబోతున్నానో చెప్పాను. పుస్తకంలో ఉన్న ఏ మెట్టూ వదల్లేదు. చొక్కా తీసి వీపు మీద చేయి వేశానో లేదో, వార్డంతా అదిరేట్టు ఒక కేక.

“అద్దు. నాకద్దు నీ తానం.”

“నీళ్లు ఎచ్చగనే ఉన్నయి తాతా.”

“ఎచ్చగుంటే నువ్వే పోస్కో.”

మంకీ టోపీ కళ్ల మీదికి లాక్కుని ముఖం గోడ వైపు తిప్పేశాడు. ముఖం గోడ వైపు తిరిగిందంటే ఇక ఆయనకు ఆ రోజు ముగిసినట్టే. టిఫిను వద్దు, మాట వద్దు. నడిపించడానికి వచ్చిన ఫిజియో అన్న రెండుసార్లు పిలిచి, “తాత పండుకున్నడు” అని నాకు చెప్పి పోయేవాడు. టోపీ కింద కళ్లు తెరిచే ఉన్నాయని మా ముగ్గురికీ తెలుసు.

ఎంపిక పేషెంటుకే వదిలేయాలని పాఠం చెబుతుంది. మరునాడు రెండు తువ్వాళ్లు పట్టుకుపోయాను.

“తాతా, తెల్లదా, నీలందా?”

రెండింటినీ శ్రద్ధగా పరిశీలించాడు. “నీలం దాంతోని నీ మొకం తుడుస్కో. తెల్లది నీ అంగీకి పనికొస్తది.”

కాలర్ చూసుకున్నాను. తువ్వాళ్లు రెండూ మడిచి వెనక్కి తెచ్చాను.

సబ్బు మార్చి చూశాను. ఆయన ఇష్టపడే కబుర్లు మొదలుపెట్టి, మధ్యలో సందు చూసుకుని గుడ్డ తీశాను. కబుర్లకు లోటు లేదు. ఏ కూర ఇష్టం, ఏ యూనియన్, బాయిలో పని చేయించే ఏ సర్దార్‌తో ఎందుకు కొట్లాడాడు, అన్నీ చెప్పాడు. గుడ్డ కనిపించగానే టోపీ దిగేది. చేయి పడగానే కేక. రోజులు పోతున్నాయి, తాత మంచం దిగడం లేదు. అవ్వ నన్ను ఏమీ అడిగేది కాదు. వరండాలో ఎదురుపడితే నా ముఖంలోకి చూసేది, అంతే. అడిగితేనే బాగుండేది.

ఆదివారం బెల్లంపల్లి వెళ్లాను, ఇంటికి. మా ఊళ్లో బాయిలు ఒక్కొక్కటే మూతబడ్డా మా బాపు సర్వీసు ఇంకా మిగిలింది. బస్సెక్కి దూరం బాయికి పోయి వస్తాడు. ఆదివారం డ్యూటీని ప్లే డే అంటారు, రెట్టింపు జీతం. బొగ్గు తవ్వే రోజుకు ఆట రోజు అని పేరెందుకు పెట్టారో ఇప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. ఆయన వచ్చేసరికి నేను గడపలో నిలబడి ఉన్నాను. “జరుగు, అంటుతది” అని నన్ను తప్పించుకుని నేరుగా పెరట్లోకి, వేడినీళ్ల కాగు దగ్గరికి నడిచాడు. అమ్మ చెంబు అందించింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. అందుకే ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను.

“బాపూ, డ్యూటీకి పొయ్యేముందు నువ్వెప్పుడన్న తానం జేసినవా?”

నెత్తి మీద నీళ్లు పోసుకుంటున్న మనిషి చెంబు ఆపాడు. “పొయ్యేటప్పుడెందుకురా? మల్ల మసి పూస్కునుడే గద.” నన్ను ఎగాదిగా చూశాడు. “ఆడ సక్కగనే సదువుతున్నవా?”

నాకు ఒక్కసారిగా అంతా వెలిగిపోయింది. తాత ఇన్నేళ్లూ ఇట్లాగే బతికాడు. ముందు పని, ఆ తర్వాత నీళ్లు. స్నానం అంటే ఆయనకు డ్యూటీ దిగినట్టు లెక్క. పొద్దున్నే, ఏ పనీ చేయని ఒంటికి నీళ్లు తగిలించడమంటే, నువ్వు ఇక పనిలో లేవు అని తడిగుడ్డతో చెప్పడమే. కోపం రాదూ మరి? ఆలోచన వచ్చిన వేగానికి అన్నం సగంలో లేచాను. కూర బాగాలేదేమో అనుకుంది అమ్మ. నిజానికి బాగాలేదు, కానీ కారణం అది కాదు.

తిరుగు బస్సులో కూర్చోవడం కష్టమైంది. మంచిర్యాల దాటి గోదావరి వంతెన ఎక్కేసరికి మొత్తం పథకం సిద్ధం. పక్క సీటాయనకు కూడా వివరించాను. ఆయన చాలా ఓపిగ్గా విని, కండక్టరుతో మాట్లాడాలని లేచి, వెనక సీట్లో కూర్చున్నాడు.

పొద్దున్నే అవ్వను పట్టుకున్నాను.

“అవ్వా, తాత పనిల ఉన్నప్పుడు తానం ఎప్పుడు జేసేటోడు?”

“డ్యూటీ దిగి అచ్చినంకనే” అంది. “పొద్దుగాల జేసుడు నేనెన్నడు సూడలే. పండుగ నాడు గూడ తిట్టి పంపాలె.”

నాకు ఈల వేయాలనిపించింది. వార్డులో ఈల వేయకూడదు కాబట్టి మెట్లు గబగబా దిగి, మళ్లీ ఎక్కి వచ్చాను. కింద పనేమీ లేదు. కాళ్లు ఊరుకోలేదు.

వార్డు సిస్టర్‌ది ఈ ఊరే, ఇక్కడి మాటే. అడిగాను, “సిస్టర్, తాతకు తానం రౌండు అయినంక ఇస్తే?”

“రౌండుల డాక్టరు అడిగితే ఏం జెప్పాలె?”

“డ్యూటీల ఉన్నడని.”

“ఎవలు?”

“తాత.”

సిస్టర్ నా ముఖం వైపు చూసింది. జ్వరం చూడటానికి చేయి లేపి, మళ్లీ దించింది. విషయం మొత్తం చెప్పాను, చేతులు ఊపుతూ, మధ్యలో మా బాపునూ కాగునూ దింపి మరీ. చివరికి, “నాలుగు దినాలు జూస్త” అంది. “బెడ్షీటు మీద మరక కనవడ్డదనుకో, తాతకు గాదు, నీకు జేపిస్త తానం.”

మరునాడు బకెట్ లేకుండా, వాకర్ పట్టుకుని పోయాను. తాత అలవాటుగా టోపీ మీద చేయి వేసి సిద్ధంగా ఉన్నాడు.

“లే తాతా. ఫస్టు షిఫ్టు టైమయింది.”

“ఏం షిఫ్టు?”

“ముందుగాల డ్యూటీ. డ్యూటీ దిగినంకనే తానం. డ్యూటీ జెయ్యకుంటే తానం గూడ లేదు.”

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. పిచ్చివాళ్లను రెచ్చగొట్టకూడదని తెలిసిన మనిషి చూపు అది.

“మస్టర్ ఎవడేస్తడు?” అన్నాడు చివరికి. మస్టర్ అంటే హాజరు. అది పడకపోతే బాయిలో ఎంత పని చేసినా చేయనట్టే.

“నేనేస్త.”

“నువ్వు ఓవర్‌మన్‌వా?” బాయిలో షిఫ్టు నడిపే పెద్ద ఓవర్‌మన్.

“ట్రైనీని.”

“గందుకే” అన్నాడు. అంటూనే చేయి చాచాడు.

ఆ చేయి పట్టుకున్నాక ఏం జరిగిందో వరసగా చెప్పడం నాకు చాతకాదు. ఫిజియో అన్న ఒక పక్క, నేనొక పక్క. మంచం అంచున కూర్చున్నాడు. కాళ్లు నేలకు ఆనాయి. వాకర్ పట్టుకుని, పళ్లు బిగించి, తాత లేచి నిలబడ్డాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చుట్టూ మంచాల మీద కాళ్లకూ చేతులకూ కట్లు కట్టుకుని పడుకున్నది చాలామంది బాయి మనుషులే. “తాత బాయి దిగుతుండు, జరుగుండ్రి” అని ఒకరంటే, “టబ్బులు నిండుగ తేవాలె తాతా” అని ఇంకొకరు. తాత ఎవరికీ జవాబివ్వలేదు. డ్యూటీలో ఉన్నాడు.

కూర్చోబెట్టి, ఊపిరి కుదురుకున్నాక నీళ్లు తెచ్చాను. వీపు మీద చేయి వేస్తూ కేక కోసం చెవులు సిద్ధం చేసుకున్నాను. కేక రాలేదు.

“మెడ కాడ గట్టిగ రుద్దు” అన్నాడు.

నాకు ఇంటర్లో వచ్చిన మార్కుల కన్నా ఆ మాట గొప్పగా అనిపించింది. పోల్చుకోవడానికి ఆ మార్కులు పెద్ద కొలబద్ద కాదనుకోండి.

ఆ తర్వాత రోజులు ఉరుకులు పెట్టాయి. కిటికీ దాకా డ్యూటీ. సిస్టర్ టేబుల్ దాకా డ్యూటీ. వాకర్ రబ్బరు కాలు గచ్చు సందులో ఇరుక్కుంటే, “టబ్బు పట్టాలు తప్పింది, ఎవడన్న ఎత్తుండ్రి” అనేవాడు. దిగినాక మస్టర్ పడిందా లేదా అని రెట్టించి అడిగేవాడు. టిఫిను తినడం మొదలైంది. “ఏం మందిచ్చినవ్ తమ్మీ?” అని ఫిజియో అన్న అడిగితే, నిలబెట్టి మొత్తం సిద్ధాంతం వినిపించాను. క్యాంటీన్లో వినిపించాను, హాస్టల్లో వినిపించాను. హాస్టల్లో నన్ను చూసి దారి మార్చుకునేవాళ్లు పెరిగారు. పొద్దున అలారం మోగకముందే మెలకువ వచ్చేది. నాకు అలా జరగడం అదే మొదలు.

వార్డు గుమ్మం దాకా వచ్చిన రోజు తాత మోకాలు మడతపడింది. నడుముకు కట్టిన బెల్టు పట్టుకుని ఆపాను. ఫిజియో అన్న కుర్చీ తోశాడు. దెబ్బ తగల్లేదు. కానీ మంచం దగ్గర నుంచి అవ్వ పెట్టిన అరుపు వరండా చివరి దాకా వినబడింది. కుర్చీలో కూర్చున్న తాత ఎవరి వైపూ చూడలేదు. మంచం మీద చేర్చాక మస్టర్ గురించి కూడా అడగలేదు.

మరునాడు పోయేసరికి టోపీ కిందికి ఉంది.

“ఫస్టు షిఫ్టు, తాతా.”

“ఇయ్యాల సమ్మె.”

రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపేస్తామని డాక్టరు అప్పటికే చెప్పి ఉన్నాడు. నాకు నిజంగా భయం వేసింది. వాకిలి అవతల బాత్రూం, ఇవతల మంచం, మధ్యలో అవ్వ కనిపించారు. భయంలో హాస్యం రాదంటారు. నాకు వస్తుంది, బాగుండదు, అంతే. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

“సమ్మె అన్నంక డిమాండ్లు ఉండాలె గద తాతా. ఏందో జెప్పు.”

గొంతు టోపీ లోపల నుంచి వచ్చింది.

“గామెను ఇంటికి పంపు. స్టూలు మీద కూసోని కూసోని ఆమె నడుము పోయింది.” టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. “నేను పడుతుంటె సూసింది. మల్ల సూడద్దు.”

అవ్వ అక్కడే ఉంది. “నేను పోతె నీకు బువ్వెవలు పెడ్తరు?”

“గీ ట్రైనీ ఉన్నడు గద. ఏం పని లేదు ఈనికి.”

కొంత బేరం జరిగింది. పొద్దుటి పూట అవ్వ ఇంట్లో ఉండి నిద్రపోవాలి, మధ్యాహ్నం అన్నం పట్టుకుని రావాలి, అప్పటికి డ్యూటీ ముగిసి ఉండాలి. ఆమె వెళ్తూ వెళ్తూ గుమ్మంలో వెనక్కి తిరిగింది. నేను తలూపాను. క్లాసులో ఊపిన తలకూ దీనికీ తేడా ఉంది. ఆమె కనుమరుగయ్యాక తాత టోపీ పైకి జరిపి, “ఇగ పట్టు” అన్నాడు. ఆ రోజు గుమ్మం దాటాం. మరునాడు వరండా.

తాత ఇంటికి పోవడానికి ముందు రోజు మేడం నా కేసు వినడానికి వచ్చారు. ఆవిడ వచ్చేసరికి పొద్దెక్కింది, అవ్వ కూడా అన్నం డబ్బాతో అప్పుడే గుమ్మంలో అడుగు పెట్టింది. తాత ఆమెను చూశాడు. నన్ను పిలవకుండానే వాకర్ దగ్గరికి లాక్కుని లేచాడు. నేను పక్కన నడిచాను, పట్టుకోలేదు. చేతులు జేబుల్లో పెట్టుకోవాల్సి వచ్చింది, లేకపోతే అవి ఊరుకునేలా లేవు. మంచాల మధ్య దారంతా ఎవరూ హాస్యమాడలేదు. వార్డు చివర బాత్రూం తలుపు దాకా పోయి, తలుపు తోసి, తాత వెనక్కి తిరిగాడు.

“గట్ల నిలవడ్డవేంది?” అన్నాడు అవ్వతో. “చెంబు పట్కరా.”

అవ్వ డబ్బా నా చేతిలో పెట్టి పరుగులాంటి నడకతో పోయింది. లోపల ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంచాం. కాసేపు నీళ్ల చప్పుడూ, ఆ చప్పుడులోనే, “కండ్లల్ల పోస్తవేంది”, “మూస్కోవాలె మరి” అనే మాటలూ వినిపించాయి. నేను అన్నం డబ్బా పట్టుకుని వార్డు మధ్యలో నిలబడి ఉన్నాను. నవ్వు ముఖంలో పట్టడం లేదు.

తాత కొత్త బనీనుతో, తడి తలతో నడిచి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అవ్వ తువ్వాలుతో తల తుడుస్తోంది. ఇక నా వంతు. మేడం ముందు నిలబడి మొదలుపెట్టాను. బొగ్గుబాయి మనిషికి స్నానం అంటే ఏమిటో చెప్పాను. పని ముందు, నీళ్లు తర్వాత అనే క్రమం ఒంట్లో ఎట్లా ఇంకిపోతుందో చెప్పాను. దవాఖాన ఆ క్రమాన్ని తలకిందులు చేసిందనీ, నేను దాన్ని సరిచేశాననీ, మనిషి లేచి నడిచాడనీ చెప్పాను. మా బాపు, కాగు, ప్లే డే, అన్నీ వచ్చాయి. గొంతు కొంచెం పెద్దదైందేమో, పక్క మంచాలవాళ్లు కూడా వింటున్నారు. సిస్టర్ పెన్ను పక్కన పెట్టింది.

“చాలా బాగుందయ్యా” అన్నారు మేడం. కాలర్ వైపు చూడకుండా నన్ను ఆవిడ మెచ్చుకోవడం అదే మొదటిసారి. “పాఠం నుంచి కాదు, ఆయన జీవితంలోంచి పట్టుకున్నావు.” తర్వాత తాత వైపు వంగి, ఆప్యాయంగా అడిగారు, “అంతేనా తాతగారూ? పని చేయకుండా స్నానం చేయడం మీ మనసుకు కష్టంగా ఉండేదా?”

తాత తువ్వాలు కింద నుంచి తల బయటికి పెట్టాడు.

“గదేం లేదమ్మా. పొద్దుగాల ఈ పిలగాని చేతులు మంచుగడ్డల లెక్కుంటయి. నన్ను నడిపిచ్చినంక జెర ఎచ్చవడుతయి. గంతే.”